ఉత్తరం గోడలో ఏటవాలు కంత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టొద్దని మా అత్తగారు ఎంత మొత్తుకున్నా, పట్టుబట్టి ఆ రోజే పునాది ముగ్గు పోయించిన మనిషిని. దెయ్యం పట్టిన ఇల్లని జనం ఖాళీ చేసిపోయిన కొంపల్లోకి టేపు పట్టుకుని పోయి, ఎలుకల బొక్కలూ కారే పైపులూ చూపించి వచ్చాను. ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, నా చెవిలో పువ్వు కనిపిస్తోందా అని అడిగేదాన్ని. ఇప్పుడు నన్ను ఎవరైనా ఆ మాట అడిగితే అడగనీయండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను జగిత్యాలలో సివిల్ ఇంజినీరుని. ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పాత బడులు, గోదాములు నిలబడతాయా లేదా అని చూసి, రిపోర్టు రాసి సంతకం పెడతాను. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. ఆ చప్పుడుకి ఆయన చెవులు సగం పోయాయి గానీ కన్ను మాత్రం చివరిదాకా చురుకే. పడుగులో ఒక్క పోగు పక్కకి జరిగినా దూరం నుంచే పట్టేసేవాడు. "మనిషి అబద్ధం చెప్తడు గని దారం చెప్పదు బిడ్డా" అనేవాడు.

నా పనీ దారంతోనే. దారానికి వేలాడే ఇనుప గుండు గోడ నిలువుగా ఉందో ఒరిగిందో చెబుతుంది. రెండు మేకుల మధ్య లాగిన దారం తిన్ననో వంకరో చెబుతుంది. దానికి తోడు స్టీలు టేపు, ఒక నోటుబుక్కు. టేపు పట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సున్నా ఉన్న చివర పట్టుకోవాలి, ఇంకొకరు ఇటువైపు అంకె చదవాలి. చివర సరిగ్గా పట్టకపోతే కొలత మొత్తం తప్పు. అందుకే ప్రతి కొలత పక్కన, చివర ఎవరు పట్టుకున్నారో పేరు రాసుకోవడం నాకు అలవాటు. తప్పు వస్తే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా.

రెండేళ్ళ కింద, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, దానయ్య అనే ఆయన నా ఆఫీసుకి వచ్చాడు. రాయికల్ నుంచి కోరుట్ల వైపు పోయే దారిలో ఒక ఊరి చర్చికి ఆయన సంఘపెద్ద. ఊరి పేరు రాయను, వాళ్ళకి ఇష్టం లేదు. చర్చి నూరేళ్ళు దాటింది. పోయిన క్రిస్మస్ రోజు పైనుంచి సున్నపు పెచ్చు ఊడి, ప్రార్థనలో ఉన్న ఒక పసిపిల్ల పక్కనే పడిందట. దాన్ని కూలగొట్టి, స్లాబు వేసిన పెద్ద హాలు కట్టుకోవాలని సంఘం అనుకుంటోంది. పాతది పనికిరాదని ఇంజినీరు రాసిస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారు. ఆయన మాటల్లో కపటం ఏమీ లేదు. ఆ పసిపిల్ల ఆయన మనవరాలు.

వెళ్ళి చూశాను. వరి మడుల మధ్య నల్లరాతి చర్చి. పడమర పక్కన చదరంగా, మొన లేని గంట గోపురం. దాని వెనక జనం కూర్చునే హాలు. హాలు తూర్పు చివర ఒక పెద్ద కమాను, కమాను దాటితే ఇంకాస్త సన్నటి గది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు బల్ల ఆ గదిలోనే ఉంటుంది. గోడలు రెండుంబావు అడుగుల మందం, డంగు సున్నంతో కట్టినవి. గోడ బయటికి ఒరగకుండా వరసగా రాతి దాపులు. పైన టేకు దూలాలు, గూనపెంకు. పెంకు చాలాచోట్ల పగిలింది, నీళ్ళు దిగుతున్నాయి. కానీ దూలాలకి చెద పట్టలేదు. ఈ కాలపు మేస్త్రీల మీద నాకున్న కోపం ఆ గోడలు చూశాక ఇంకాస్త పెరిగింది.

అయితే ఆ కట్టడంలో ఏదీ దేనికీ పొంతన లేదు. దక్షిణం కిటికీలు సన్నగా, పొడుగ్గా, మొన తేలి ఉన్నాయి. ఉత్తరం కిటికీలు వెడల్పు, మధ్యలో రాతిని కొమ్మల్లా చీల్చి చెక్కారు. ఉత్తరం గోడలో ఒక తలుపు ద్వారం ఉంది, కానీ రాయితో మూసి ఉంది. తర్వాతెప్పుడో మూశారా అంటే అదీ కాదు. మూసిన రాళ్ళ వరసలు గోడ వరసలతో కలిసిపోయే ఉన్నాయి. అంటే తలుపుని మూసే కట్టారు.

దీనికి జవాబు లోపల ఒక పటంలో దొరికింది. ఈ చర్చి కట్టించిన తెల్లదొర తన సొంతూరి చర్చిని పెన్సిలుతో గీసి అద్దం కట్టించి పెట్టుకున్నాడు. ఇంగ్లండులో ఒక పల్లె చర్చి అది, ఆరేడు వందల ఏళ్ళ నాటిదట. అలాంటి వాటి గురించి ఆ రాత్రి ఇంట్లో కాసేపు చదివాను. అక్కడ ఏ చర్చీ ఒక్కసారిగా కట్టింది కాదు. ఒక తరం హాలు కట్టింది. వందేళ్ళకి ఇంకో తరం వెలుతురు చాలదని ఒక పక్క కిటికీలు పెద్దవి చేసింది. ఇంకెవరో గోపురం లేపారు. ఉత్తరం తలుపుతో పని లేదని ఇంకో తరం మూసేసింది. ఎవరికి ఏది అవసరమైతే అది చేసుకుంటూ పోయారు.

మన దొర ఆ ఐదారు వందల ఏళ్ళ పనిని మూడు నాలుగేళ్ళలో ఇక్కడ కట్టించాడు, అతుకులూ మచ్చలతో సహా. ఆదికి పాత జాకెట్టు ఇస్తే దర్జీ దాని చిరుగు కూడా కొత్తదానికి కుట్టిచ్చినట్టు. ఇంటి మీద బెంగ అలాంటి పని చేయిస్తుందేమో. నవ్వొచ్చింది, తర్వాత జాలీ వేసింది.

ఇక అసలు సంగతి. పడమటి తలుపు నడిమి నుంచి కమాను నడిమి మీదుగా తూర్పు గోడదాకా దారం లాగాను. దారం బల్ల మధ్యకి పోవాలి. పోలేదు. బల్ల మధ్య, తూర్పు కిటికీ మధ్య, దారానికి జానెడు ఉత్తరంగా ఉన్నాయి. గది మొత్తం హాలుతో తిన్నగా లేదు, ఉత్తరానికి తిరిగి ఉంది. కమాను పక్కన పైనుంచి కిందిదాకా ఒక పగులు కూడా ఉంది. నేల నల్లరేగడి, వానకి ఉబ్బి ఎండకి కుంగేది. దానయ్య ఆ దారాన్ని చూసి, "జరిగింది గదా మేడం" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పునాది జరిగితే ఇంక చేసేదేమీ లేదు. కూలగొట్టడమే.

దానయ్య పనుందని వెళ్ళిపోయాడు. టేపు పట్టుకోవడానికి రూతమ్మ నాతో ఉంది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచన, చర్చి ఊడ్చి గంట కొట్టేది ఆమే. ఒక్కతే ఉంటుంది. కొలత లేనప్పుడు గోడకి ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. కూలగొడతారా అని పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగింది. చూసి చెబుతానన్నాను నాలుగుసార్లూ. ఐదోసారి ఉత్తరం వైపు చెయ్యి చూపించింది. "అంత కూలగొట్టినా గా మూల ఒక్కటి ఉంచుమని రాయి బిడ్డా" అంది. మూల ఒక్కటి ఉంచి చర్చి కూలగొట్టడం కుదరదని చెప్పాను, కొంచెం విసుగ్గానే. ఆమె మళ్ళీ బీడీల మీదికి వంగింది.

పన్నెండు దాటాక బయటికి వచ్చాను. ఉత్తరం పక్క నీడ ఉంది. హాలు గోడ, తూర్పు గది గోడ కలిసే మూలలో ఒక చదును రాయి కనిపించింది. దాని మీద కూర్చుని నీళ్ళు తాగాను. అప్పుడు చూశాను, కూర్చుంటే సరిగ్గా కంటికి ఎదురుగా గోడలో ఒక కంత. జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు. తిన్నగా కాదు, గోడ మందంలో ఏటవాలుగా పోయింది. తొంగి చూస్తే లోపల సంస్కారపు బల్ల కనిపించింది, కంతకి సరిగ్గా నడిమధ్యన. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద తూర్పు కిటికీ వెలుతురు. ఇంకేమీ లేదు.

దొరగారి మచ్చల్లో ఇదొకటి అనుకున్నాను. నోటుబుక్కు తెరిచి కంత గడప మీద పెట్టి గీయబోయాను. బుక్కు నిలవలేదు, ఊగింది. చేత్తో తడిమితే సున్నపు గచ్చు మీద రెండు నున్నటి గుంటలు, నాలుగు వేళ్ళ దూరంలో. బుక్కు ఒళ్ళో పెట్టుకుని గీశాను. గుంటలు కూడా గీసి, పక్కన "గడప అరిగింది, రెండు చోట్ల" అని రాశాను.

కంత లోతు కావాలి. టేపు చివర లోపలికి తోసి, "రూతమ్మా, చివర పట్టుకో" అని కేకేశాను. ఒక్క క్షణం తర్వాత టేపు బిగిసింది. అయితే ఆమె పట్టు కొంచెం వేరుగా అనిపించింది. పొద్దున కొనవేళ్ళతో గట్టిగా పట్టింది. ఇప్పుడు రెండు పక్కల నుంచి మెత్తగా అదిమి పట్టినట్టుంది. ముసలి చేతులు, అలిసిపోయి ఉంటుంది అనుకున్నాను. అంకె చదివాను. మూడు అడుగుల నాలుగున్నర అంగుళాలు. రాసుకుని, పక్కన రూతమ్మ అని పేరు కూడా రాసి, వదిలెయ్యమన్నాను. వదిలింది. టేపు నిదానంగా చేతికొచ్చింది.

గంట తర్వాత రూతమ్మ ఊరి వైపు నుంచి నడిచి వచ్చింది. చంకలో ఖాళీ చాట. అది చూశాను, కానీ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజుకి పని అయిపోయిందని చెప్పి బయల్దేరాను.

ఇంటికొచ్చి రెండు రోజులు ప్లాను గీశాను. కంత ఉన్న చోట కంత పెట్టి, దాని ఏటవాలు గీతని పెన్సిలుతో పొడిగించాను. గీత సరిగ్గా బల్ల నడుముకి తగిలింది. పెన్సిలు పక్కన పెట్టాను. కంత హాలు గోడ రాళ్ళలో ఉంది, ఆ గోడ ఎక్కడికీ కదల్లేదు. తూర్పు గది మొదట తిన్నగా ఉండి తర్వాత జరిగి ఉంటే, కట్టిన రోజు ఈ కంతలోంచి బల్ల సగమే కనిపించేది. చూసేందుకు కంత పెట్టినవాడు సగం బల్ల చూపించడానికి పెట్టడు. అంటే గది జరగలేదు. వంకరగానే కట్టారు.

మళ్ళీ వెతికితే తెలిసింది. ఇంగ్లండు పాత చర్చిల్లో ఈ వంకర మామూలేనట. సిలువ మీద యేసు తల ఒక పక్కకి వాలిన తీరుగా అలా కట్టారని కొందరంటారు. అదేం కాదు, ఆ రోజుల్లో తాడు సరిగ్గా లాగలేదని ఇంకొందరంటారు. దొర మాత్రం తన ఊళ్ళో ఎలా ఉందో అలాగే కట్టాడు. తప్పు పట్టబోయింది నేను. తిన్నగా లేనిదంతా చెడిపోయినట్టే అనుకోవడం మా ఇంజినీర్ల జబ్బు.

వారం తర్వాత ప్లాను పట్టుకుని హుషారుగా వెళ్ళాను. దానయ్య, ఇంకో నలుగురు సంఘపెద్దలు, అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, అందరూ ఉన్నారు. కమాను పగులు మీద రెండు చోట్ల అడ్డంగా గాజు ముక్కలు అతికించాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు చిట్లుతుంది. వానాకాలం దాటేదాకా చూద్దామన్నాను. కానీ అసలు రుజువు వేరే ఉందని చెప్పి, అందర్నీ ఉత్తరం మూలకి తీసుకుపోయాను.

చదును రాయి ఉంది. దాని ఎదురుగా గోడలో కంత ఆకారమూ ఉంది. కానీ కంత లేదు. రాళ్ళూ మట్టీ కూరి, పైన సున్నం పూసి మూసేసి ఉంది. సున్నం నల్లబడి నాచు పట్టి ఉంది. ఒక మూల పాత చీమల పుట్టమన్ను. వారం కిందట మూసింది కాదది. వేలు పెట్టి నొక్కాను. రాయి రాయిలాగే ఉంది.

"నేను నిక్కరేసుకున్నప్పటి సంది గిది మూసే ఉన్నది మేడం" అన్నాడు దానయ్య. ఆయనకి అరవై దాటాయి. నేను నోటుబుక్కు తీసి చూపించాను. బొమ్మ, గుంటలు, కొలత అన్నీ ఉన్నాయి. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేడం చర్చిని ఉంచాలనుకుని కొలత కల్పించిందన్న అనుమానం ఒక పెద్దమనిషి మొహంలో స్పష్టంగా కనిపించింది. నా పరువు గంగలో కలిసింది. కొలవని కొలత నేను ఇరవై ఏడేళ్ళలో ఒక్కటి కూడా రాయలేదు.

లోపలికి పోయి చూస్తే ఇంకా తికమక. కంత లోపలి నోరు ఉండాల్సిన చోట పాటల పుస్తకాల ఇనుప బీరువా ఉంది. ఆ బీరువాని మొదటి రోజు పొద్దున నేనే కొలిచాను. నోటుబుక్కులో ముందు పేజీలోనే ఉంది, పొడవూ వెడల్పూ. కంత తెరిచే ఉన్నా అక్కడినుంచి బీరువా వీపు తప్ప ఏమీ కనిపించదు. ఆ మధ్యాహ్నం బల్లని చూస్తూ కూర్చున్నప్పుడు ఈ మాట నాకెందుకు తట్టలేదో తెలియదు.

అందరూ నన్ను చూస్తున్నారు. తెరిపించండి అన్నాను. కోపంతోనే అన్నాను, ఒప్పుకుంటాను. దానయ్య కాసేపు నసిగాడు. ఎలాగూ కూలగొట్టాలనుకున్నదే కదా అని చివరికి తలూపాడు.

మల్లేశం అనే మేస్త్రీ వచ్చి బయటి నుంచి మొదలుపెట్టాడు. లోపల బీరువా జరిపించాం. పాత గోడ సున్నంలో కట్టింది, కూరిన రాళ్ళు మట్టిలో పెట్టినవి, కాబట్టి ఏది ఏదో తెలుస్తూనే ఉంది. ఒక్కో రాయీ తీసి వరసగా గడ్డి మీద పెట్టాడు. భోజనాల వేళకి అవతలి వెలుతురు కనిపించింది. గడప మీది మన్ను చీపురుతో ఊడ్చాడు.

గచ్చు మీద రెండు గుంటలు. నాలుగు వేళ్ళ దూరం.

టేపు చివర లోపల దానయ్యతో పట్టించి, అంకె నేను చదవలేదు. అనుమానపడ్డ ఆ పెద్దమనిషినే చదవమన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మూడు అడుగుల నాలుగున్నర అన్నాడు. తర్వాత వంగి కంతలోంచి చూశాడు. బల్ల నడిమధ్యన ఉంది. ఆయన లేచి పక్కకి పోయి నిలబడ్డాడు.

అప్పటిదాకా రూతమ్మ దూరంగా నిలబడి ఉంది. మెల్లగా వచ్చి ఆ గుంటల మీద చెయ్యి పెట్టింది. నిమిరింది. ఏడుస్తోందని చాలాసేపటిదాకా మాకు తెలియలేదు, చప్పుడు లేదు.

ఆమె చెప్పింది తక్కువ. మిగతాది దానయ్య చెప్పాడు. రూతమ్మ తల్లికి పెద్దరోగం ఉండేది, అంటే కుష్టు. మందు దొరికి రోగం ఆగేసరికే చేతివేళ్ళు పోయాయి. ఇంక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పినా ఎవరూ నమ్మలేదు. చర్చిలోకి రానివ్వలేదు. ఆపింది దొర కాదు, ఆయన అప్పటికే పోయాడు. ఆపింది సంఘమే. భూమి లేక, ఊళ్ళో ఏ గడపా తొక్కనివ్వని బతుకు బతికినవాళ్ళే ఆమెని గడప తొక్కనివ్వలేదు. ఆమె ఈ రాయి మీద కూర్చుని కంతలోంచి ఆరాధన చూసేది. వేళ్ళు లేవు కాబట్టి రెండు మణికట్లూ గడప మీద ఆనించి కూర్చునేది. రొట్టె ముక్క ఒక చెక్క పళ్ళెంలో పెట్టి లోపలినుంచి కంతలోకి తోసేవాళ్ళు. మణికట్ల మధ్య అదిమి పట్టుకుని తీసుకునేది. ఇరవై ఏళ్ళకి పైగా అలాగే. దొర ఎందుకో తెలియకుండా తెచ్చి పెట్టిన కంత, ఆయన పోయాక ఒక్క మనిషికి పనికొచ్చింది.

"ఆమె సచ్చిపోయి అప్పటికి నెల గూడా కాలే. మా నాయిననే మూసిండు" అన్నాడు దానయ్య. ఆయన అది రూతమ్మ వైపు చూడకుండా చెప్పాడు. తల్లికి ఫోటో లేదు. ఊరవతల పాతిపెట్టిన చోటు మీదుగా ఇప్పుడు కాలువ పోయింది. ఆమె బతికిందని చెప్పడానికి రూతమ్మకి మిగిలింది ఆ మూల ఒక్కటే. మొదటి రోజు ఐదుసార్లు అడిగిన మనిషిని విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు, మొదటి రోజు మధ్యాహ్నం టేపు చివర బాగా పట్టావని రూతమ్మతో అన్నాను. మెప్పుకోలుగా అన్న మాట. ఆమె నా మొహంలోకి చూసింది. "నేనెక్కడున్న బిడ్డా? బీడీలు అప్పజెప్పను పోయిన గదా. కోతులు జొర్రుతయని తాళమేసే పోయిన" అంది.

కారెక్కి జగిత్యాల వచ్చేశాను.

తర్వాత చాలా లెక్కలు వేసుకున్నాను. ఎండకి కళ్ళు తిరిగి ఏదో ఊహించుకున్నానా? ఊహకి కొలత అంగుళాలతో సహా కుదరదు. పటంలో చూశానా? పటం దక్షిణం వైపు నుంచి గీసింది, అందులో ఉత్తరం గోడే లేదు. గుంటల సంగతి ముందే ఎవరైనా చెప్పారా? ఊళ్ళోవాళ్ళు మర్చిపోవాలనుకున్న సంగతి అది, నాకెందుకు చెబుతారు? సున్నం కింద మూసిన గడప మీద నా నోటుబుక్కు ఊగింది. ఎన్నిసార్లు వేసినా లెక్క ఇక్కడే ఆగుతుంది.

రిపోర్టులో ఇదేమీ రాయలేదు. తెరిచాక అందరి ముందూ తీసిన కొలతలే రాశాను. అవి చాలు. వానలన్నీ కురిసి వెలిశాక వెళ్ళి చూశాను. గాజు ముక్కలు రెండూ చెక్కుచెదరలేదు. పగులు పాతది, గోడ కదలడం లేదు. పెంకు మార్చి, ఊడే పెచ్చులు తీసి సున్నం పూస్తే ఇంకో వందేళ్ళు ఉంటుందని రాసి సంతకం పెట్టాను. దానయ్య ఎదురు చెప్పలేదు. పెచ్చుల పని అయ్యేదాకా మనవరాల్ని మాత్రం కమాను కింద కూర్చోబెట్టొద్దని వాళ్ళావిడకి చెప్పాడట. కంతని మళ్ళీ మూయలేదు. బీరువా పడమర పక్కకి పోయింది.

గాజు ముక్కలు చూడబోయిన ఆ రోజు, పొద్దుటి వెలుతురులో రూతమ్మ ఒక్కతే హాలు ఊడుస్తోంది. ఇంక దాచడం ఇష్టం లేక చెప్పేశాను. తాళం వేసిన చర్చిలోంచి ఎవరో నా టేపు చివర పట్టుకున్నారని.

ఆమె భయపడలేదు. ఎట్ల పట్టిన్రు అని అడిగింది. వేళ్ళతో పట్టినట్టు లేదు, రెండు పక్కల నుంచి అదిమినట్టుంది అన్నాను. ఆమె చీపురు కింద పెట్టి, రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి చూపించింది. అవునన్నాను.

"నువ్వు బయట కూసున్నవు" అంది.

"అవును."

"పట్టుకున్నది లోపటినుంచి."

"లోపలినుంచే."

రూతమ్మ బల్ల వైపు తిరిగింది. మా వైపు తల్లిని అవ్వ అంటారు. "అయితే మా అవ్వ లోపటికి అచ్చింది బిడ్డా" అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత చీపురు తీసుకుని, మిగిలిన సగం హాలు ఊడ్చింది.

నేను దయ్యాల్ని నమ్మను. జరిగింది దయ్యం పనని కూడా అనను. కానీ ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది. మూడు అడుగుల నాలుగున్నర అంగుళాల పక్కన, చివర పట్టుకున్నవారి పేరు దగ్గర, రూతమ్మ అని ఉన్నది కొట్టేశాను. తల్లి పేరు అడిగితే చెప్పింది, సాలమ్మ అని. పెన్ను తీశాను గానీ రాయలేకపోయాను. కంటితో చూడనిది నేను రాయను. అలాగని వేరే పేరు కూడా రాయలేను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.